దిబ్బలు చూపించే విద్య

ఏలూరు చుట్టుపక్కల పాత గుళ్లూ, శిథిలాలూ చూపించమని ఎవరైనా అడిగితే నాకు ముందు సంతోషం, ఆ వెంటనే కొంచెం బెరుకు. హంపిలోనో లేపాక్షిలోనో అయితే రాయే మాట్లాడుతుంది, పక్కనున్న మనిషి నోరు విప్పకపోయినా పెద్ద నష్టం లేదు. మా వేంగి నేల అలాంటిది కాదు. రాజధాని ఉండేదన్న చోట పామాయిల్ తోటలూ, మొక్కజొన్న చేలూ, మధ్యమధ్య మట్టి దిబ్బలూ కనిపిస్తాయి. చూపించేవాళ్లు సరిగ్గా చూపించకపోతే వచ్చినవాళ్లు కారు దిగకుండానే "ఇక్కడ చూడ్డానికేముందండీ?" అంటారు. అందుకే చుట్టాల్నీ, స్నేహితుల్నీ రెండేసి రోజులు తిప్పే ఈ పనిని నేనొక విద్యగానే ఎంచుతాను. చాలా ఏళ్లుగా చేస్తున్నాను, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. సాధారణంగా అందరూ ద్వారకా తిరుమల దర్శనంతో మొదలుపెడతారు. దర్శనం అయ్యేసరికి ఎండెక్కుతుంది, ప్రసాదం, భోజనం, కాస్త నడుం వాల్చడం. ఆ తర్వాత "దారిలో ఏవో గుహలున్నాయట కదా" అని అరగంట కేటాయిస్తారు. నేను ఈ వరసను తిరగేస్తాను. తెల్లవారుజామునే బయల్దేరి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం చేరుకుంటాం. గుంటుపల్లి గుహలని లోకం పిలిచేది అక్కడున్న కొండల్నే. పొద్దుటి పూట మెట్లెక్కేటప్పుడు కాళ్లలో సత్తువ ఉంటుంది, కంట్లో ఓపిక ఉంటుంది. వేంకటేశ్వరస్వామి మధ్యాహ్నం వెళ్లినా ఏమీ అనుకోడు.

క్రీస్తు పూర్వం 2వ శతాబ్ది నాటికే ఈ కొండ మీద బౌద్ధ భిక్షువులు నివాసం ఉన్నారు. శాసనాల్లో దీని పేరు మహానాగపర్వతం. ఇక్కడ అందరూ చూడాల్సింది గుండ్రటి చైత్యగృహం, అడ్డంగా 18 అడుగులుండే చిన్న గది, మధ్యలో రాతి స్తూపం. కొండను తొలిచి చేసిన గది కాబట్టి లోపలికి వెళ్లగానే కళ్లకు చీకటి తప్ప మరేమీ ఆనదు. ఇక్కడ నేనేమీ మాట్లాడను. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగమంటాను. తర్వాత తలెత్తి పైకప్పు చూడమంటాను. గొడుగు ఊచల్లా నడినెత్తి నుంచి చుట్టూ దిగిన రాతి వాసాలు ఒక్కొక్కటే బయటపడతాయి. అవి ఎన్నున్నాయో లెక్కపెట్టమంటే పిల్లలు పోటీ పడతారు.

అప్పుడు అడుగుతాను: రాతి కొండకు వాసాలెందుకు? కొండ దానంతటది నిలబడుతుంది కదా, ఈ వాసాల మీద ఏ బరువూ లేదు కదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కాసేపు ఆగడం నాకెంతో ఇష్టం. ఎవరో ఒకరు, ఎక్కువగా పల్లెలో పుట్టిపెరిగిన పెద్దవాళ్లు, "పాకలాగా చేశారండీ" అంటారు. అంతే. ఈ శిల్పులకు తెలిసిన ఇల్లు కర్రా గడ్డీతో కట్టిన గుండ్రటి పాక. రాయి చేతికొచ్చినా వాళ్ల ఊహలో ఇంటి రూపం అదే, అందుకే వాసాలతో సహా కొండలో చెక్కారు. మౌర్యుల కాలంలో బీహార్‌లోని బరాబర్ కొండల్లో తొలిచిన గుహల్లోనూ ఇలా పాకను అనుకరించడం ఉంది. మహారాష్ట్రలోని భాజా, కార్లా గుహలకు వెళ్తే అక్కడి రాతి కప్పు కింద నిజమైన కర్ర వాసాలే బిగించి కనిపిస్తాయి. మన గుంటుపల్లి గది వాటితో పోలిస్తే చిన్నది, కానీ నా లెక్కలో దేనికీ తీసిపోదు. తెలుగు నేల మీద ఆనాటి పాక ఎలా ఉండేదో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

స్తూపానికి స్థానికులు పెట్టుకున్న పేరు ధర్మలింగేశ్వరుడు. మహాశివరాత్రికి జనం వస్తారు. పట్నం నుంచి వచ్చిన కొందరు చదువుకున్నవాళ్లు ఈ మాట వినగానే సరిదిద్దబోతారు. నేను ఆపుతాను. భిక్షువులు వెళ్లిపోయాక ఇన్ని వందల ఏళ్లు ఈ గది గొడ్లపాక కాకుండా నిలిచిందంటే ఎవరో ఒకరు ఇక్కడ దీపం పెట్టడం వల్లనే అని నా నమ్మకం. స్తూపమని పురావస్తు శాఖ చెప్పేది నిజం. ఆ ఊరి ముసలమ్మ చెంపలు వేసుకోవడంలోనూ అబద్ధమేమీ లేదు. చూపించేవాళ్లు ఈ రెండింటినీ చెప్పాలి, ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని చిన్నబుచ్చకూడదు.

కొండ మీద ఇటుకలతో కట్టిన చైత్యం గోడలున్నాయి, భిక్షువుల విహారాలున్నాయి, మొక్కుబడికి కట్టించిన చిన్న చిన్న స్తూపాలు వరసలు కట్టి ఉన్నాయి. వీటన్నిటి మధ్య నాకు బాగా దగ్గరైనది ఒక పాత మండపం స్తంభాల మీది బ్రాహ్మీ శాసనం. కళింగ, మహిషక దేశాల అధిపతి, మహామేఘవాహన వంశపు మహారాజు సిరిసద కొలువులో లేఖకుడుగా ఉన్న చులగోముడు ఈ మండపాన్ని దానం చేశాడని అందులో ఉంది. ఒరిస్సాలో హాథీగుంఫా శాసనం వేయించిన ఖారవేలుడిది కూడా ఈ మహామేఘవాహన వంశమే. చరిత్ర పుస్తకాల్లో ఈ శాసనం రాజు కోసం పనికొస్తుంది, కళింగుల ఏలుబడి ఇక్కడిదాకా వచ్చిందనడానికి. నేను మాత్రం నా వెంట వచ్చినవాళ్లకు చులగోముణ్ణే పరిచయం చేస్తాను. రాజు దగ్గర రాతపని చేసే ఉద్యోగి, తన సంపాదనతో ఒక మండపం కట్టించాడు, తన పేరు రాయించుకున్నాడు. నా చుట్టాల్లో సగం మంది ఆఫీసుల్లో ఫైళ్లు రాసి రిటైరైనవాళ్లే. సిరిసద పేరు సాయంత్రానికి మర్చిపోతారేమో గానీ చులగోముణ్ణి ఎవరూ మర్చిపోలేదు.

ద్వారకా తిరుమల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన ఇళ్లలో చిన్న తిరుపతి తెలియనివాళ్లెవరు? ఒకే గర్భాలయంలో రెండు మూలమూర్తులు, దక్షిణ ముఖంగా ఉన్న స్వామి, వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి ఏటా రెండు కల్యాణోత్సవాలు. గోపురాలూ మండపాలూ మైలవరం జమీందారు ధర్మా అప్పారావు గారి కాలంలోవి. నేను అడిగేది ఒక్కటే: పొద్దున గుంటుపల్లిలో ఖాళీ గదిని చూసిన కళ్లతోనే ఇక్కడ నిండు గర్భాలయాన్ని చూడమంటాను. ఆ రెండూ ఒకే రోజు చూసిన మనిషికి మన నేల మీద ఆరాధన ఎంత దూరం నడిచివచ్చిందో వేరే చెప్పాల్సిన పని ఉండదు.

కష్టమైన చోటు పెదవేగి. ఏలూరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, అయినా ఏలూరు వాళ్లలో చాలామంది చూడలేదు. 4వ శతాబ్దిలో శాలంకాయనుల రాజధాని ఈ వేంగి. చిత్రరథస్వామి పాదభక్తులమని వాళ్ల రాగి శాసనాల్లో చెప్పుకున్నారు. సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి ఓడించిన రాజుల జాబితా అలహాబాద్ స్తంభం మీద ఉంది, అందులో వేంగి హస్తివర్మ పేరుంది. తర్వాత విష్ణుకుండినులు. ఆ తర్వాత 7వ శతాబ్దిలో రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులు. రాజధాని రాజమహేంద్రవరం చేరాక కూడా వాళ్లు వేంగి రాజులే. నన్నయ ఆశ్రయం పొందిన రాజరాజ నరేంద్రుడూ ఆ వరసలోవాడే. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్ర దేశపు రాజధాని అని రాసుకున్న పట్టణం ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అక్కడ ఇరవై దాకా సంఘారామాలూ, మూడు వేల మంది భిక్షువులూ ఉన్నారని ఆయన రాశాడు.

ఇదంతా చెప్పి "అదిగో చూడండి" అని చేయి చాపితే అక్కడ దిబ్బ ఉంటుంది. 1980ల్లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి పాత ఇటుక కట్టడాలను బయటపెట్టింది. అయినా వచ్చినవాళ్ల మొహాల్లో "కోట ఏది? గుడి ఏది?" అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వేంగి శిథిలాల రాళ్లు తీసుకెళ్లి ఏలూరు కోట కట్టారని చెబుతారు. ఒక రాజధాని పోయాక దాని రాయి పక్క ఊరికి పనికొస్తుంది, ఇటుక ఇంటి గోడకి పనికొస్తుంది. ఈ మాట చెప్పాక అందరం నేల వైపు చూస్తూ నడుస్తాం. ఇప్పుడు కాల్చే ఇటుక కంటే బాగా పెద్దది, వెడల్పైనది ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడమంటాను. చేత్తో తాకి అక్కడే వదిలేయమంటాను. ఒకసారి పొలంలో పనిచేసుకుంటున్న పెద్దాయన మా గుంపును చూసి "నాగలేసినప్పుడల్లా తగుల్తానే ఉంటయ్యండీ బాబూ, మా తాతల కాడ్నించీ ఇంతే" అన్నాడు. నా ఉపన్యాసం మొత్తం కంటే ఆ మాటే అందరికీ ఎక్కువ నచ్చింది. అప్పట్నుంచి పెదవేగిలో నేను సగమే మాట్లాడతాను, మిగతా సగం ఊరివాళ్ల చేత చెప్పిస్తాను.

చూపించేవాళ్లకు ఒక నియమం ఉండాలని నా పట్టుదల. రాతి మీద ఉన్నదేదో, పండితులు ఊహించిందేదో, జనం చెప్పుకునేదేదో విడివిడిగా చెప్పాలి. కలిపేస్తే వినడానికి కథ బాగానే ఉంటుంది గానీ వినేవాళ్లకు అన్యాయం జరుగుతుంది. రెండో రోజు కొల్లేరుకు వెళ్లినప్పుడు ఈ నియమం మరీ అవసరం పడుతుంది.

రవికీర్తి 634లో రాసిన ఐహోళె శాసనంలో పులకేశి పిష్టపురాన్ని గెలిచిన సంగతీ, యుద్ధంలో కునాల సరస్సు నీళ్లు నెత్తురుతో ఎర్రబడిన సంగతీ ఉన్నాయి. పిష్టపురం పిఠాపురం, కునాలం మన కొల్లేరు అని పండితుల మాట. ఇక జనం చెప్పుకునేది కొల్లేటికోట కథ. ఒరిస్సా గజపతుల్లో లాంగూల గజపతి ఈ లంకలో కోట కట్టుకున్నాడు. శత్రువులు చిగురుకోట దగ్గర విడిది చేసి, కోటను చేరడానికి దారి లేక, సరస్సు నీరు సముద్రంలోకి పోయేలా కాలువ తవ్వారు. అదే ఉప్పుటేరు. నీరు తగ్గి శత్రువులు మీదికొస్తుంటే ఆ రాజు సేనాని తన కూతుర్ని బలి ఇచ్చాడు, ఆ చోటు పేరంటాల కనుమ. కథ అని చెప్పే ఈ కథ చెబుతాను. అయినా కొల్లేరులో చేపలు పట్టే వడ్డీల ఇళ్లలో ఎవరైనా పెద్దావిడ నోట వింటే దానికి వచ్చే బరువు నా గొంతుకు రాదు.

పెద్దింట్లమ్మ గుడి ఆ కొల్లేటికోటలోనే. పద్మాసనంలో కూర్చున్న అమ్మవారిది నిలువెత్తుకు మించిన విగ్రహం. ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా జాతర, జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం. లంకల జనమంతా కదిలివస్తారు. పాతకాలపు గుడిని చూడాలంటే శిల్పం చూస్తే చాలదు, దాన్ని కొలిచే మనుషులు నిండుగా ఉన్నప్పుడు చూడాలి. కాబట్టి వీలున్నవాళ్లను ఆ రోజుల్లోనే రమ్మంటాను.

కొల్లేరు కూడా ఒక రకంగా శిథిలమే, ఇది మాత్రం మన కళ్లముందు జరిగింది. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చే నీళ్లు నిండి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే మంచినీటి సరస్సు. ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు, దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సార్ జాబితాకెక్కింది. అప్పటికే నీటి మీద గట్లు లేచి చేపల చెరువులయ్యాయి. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టేసింది. చాలామందికి బతుకుతెరువు పోయింది, సరస్సు పూర్తిగా తిరిగి రాలేదు. కాంటూరు తగ్గించాలన్న వాదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నేను తగ్గించకూడదనేవాళ్ల వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి కిందికి వచ్చినప్పుడు లంక గ్రామాలు ఎలా నీళ్లలో నిలబడ్డాయో చూశాం. నీటికి చోటు లేకుండా చేస్తే అది మన ఇళ్లలో చోటు వెతుక్కుంటుంది. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని చూపిస్తూ ఈ సంగతులన్నీ చెబుతాను. చెట్టు కరువైన పక్షికి మనిషి వేసిన మంచె అది.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చేవాళ్లు "మా ఊళ్లో పాతదేమీ లేదు" అంటూ ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే ఉంది కదా అంటాను. వందేళ్లు కాలేదని దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అక్కణ్ణుంచి ఇంకొంచెం ముందుకెళ్తే భీమవరం గునుపూడిలో సోమారామం, పంచారామాల్లో ఒకటి. శివుడి గుడి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువై ఉన్న ఆలయం. పెదవేగిలో దిబ్బలు చూసి దిగులు పడినవాళ్లకు సామర్లకోట, ద్రాక్షారామం కూడా వెళ్లమంటాను. వేంగి రాజులు కట్టించిన రాయి చూడాలంటే వాళ్ల రాజధానిలో కంటే అక్కడే ఎక్కువ దొరుకుతుంది.

నాకున్న కోరిక ఒక్కటుంది. గుంటుపల్లి కొండ మీద జీలకర్రగూడెం పిల్లలే గైడ్లుగా ఉండాలి. పై ఊళ్ల నుంచి బట్టీపట్టి వచ్చినవాళ్ల కంటే, శివరాత్రికి ఆ గుహలో దీపం వెలిగించిన ఇంటి పిల్లలకు చులగోముడి శాసనం చదివి అర్థం చెప్పడం నేర్పితే వాళ్లే బాగా చూపిస్తారు. పర్యాటక శాఖో, పురావస్తు శాఖో, ఏలూరు కాలేజీల చరిత్ర విభాగాలో కలిసి ఒక్క వేసవిలో నేర్పగలిగే పని ఇది. పెదవేగి దిబ్బల దగ్గర తెలుగులో, నిలబడి చదవగలిగేటంత పెద్ద అక్షరాలతో, ఇక్కడ ఏం దొరికిందో చెప్పే బోర్డులు కూడా పెట్టాలి. అప్పటిదాకా వచ్చేవాళ్లు కార్తీకం నుంచి ఫాల్గుణం లోపు రండి. నీళ్ల సీసా, టోపీ, చీకటి గుహ కోసం చిన్న టార్చి తెచ్చుకోండి. కామవరపుకోటలో టిఫిన్ చేసి ఎనిమిదింటికల్లా కొండ కింద ఉంటే ఎండ ముదరకముందే పైన అంతా చూడొచ్చు.