ఇంట్లోనే మరో గడప

ఫైర్‌ఫాక్స్‌లో టైపు చేస్తుంటే తప్పు పదం కింద ఎర్రగీత పడుతుంది. ఆ గీత వెనుక ఉన్నది హన్‌స్పెల్ అనే చిన్న లైబ్రరీ. ఒక మాటకు ప్రత్యయాలు గొలుసుగా తగిలే హంగేరియన్ కోసం పుట్టింది. అదే తీరున్న తెలుగుకూ దానికి సరిపడే పదకోశం తయారైంది. రాసింది సీ ప్లస్ ప్లస్‌లో. ఆ భాషలో ఒక్క లెక్క తప్పితే ప్రోగ్రాం తనది కాని మెమరీలో చేయి పెట్టవచ్చు. మామూలుగా లైబ్రరీ బ్రౌజర్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి, అక్కడున్న పాస్‌వర్డులూ కుకీలూ అన్నీ దానికి అందుబాటులోనే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లైబ్రరీ తాను దొంగ కాకపోయినా, బయటివాడికి లోపలి నుంచి గడియ తీయగలదు.

ప్రతి లైబ్రరీకీ వేరే ప్రాసెస్ కడితే భద్రమే. కానీ ఒక్కో ప్రాసెస్‌కూ మెమరీ ఖర్చు, పని అప్పగించిన ప్రతిసారీ ఆలస్యం. ఇంత చిన్న పనికి అంత ఇల్లు ఎవరూ కట్టరు. ఒకే ప్రాసెస్ లోపల గోడ లేపవచ్చన్న ఆలోచనను 1993లోనే బర్క్లీ పరిశోధకులు ఆచరణలో చూపించారు. 2017లో బ్రౌజర్లలోకి వచ్చి, 2019 డిసెంబరులో ప్రమాణంగా స్థిరపడ్డ వెబ్‌అసెంబ్లీ ఆ గోడను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పేరులో వెబ్ ఉన్నా దీనికి వెబ్ పేజీ అక్కర్లేదు. వాస్మ్‌టైమ్ లాంటి రన్‌టైమ్‌ను మన సొంత అప్లికేషన్‌లో కలుపుకొంటే చాలు. అది వెబ్‌అసెంబ్లీగా మార్చిన కోడ్‌ను, అంటే మాడ్యూల్‌ను చదివి, నియమాల ప్రకారం ఉందో లేదో పరీక్షించి, మన ప్రాసెసర్ భాషలోకి మార్చి నడుపుతుంది.

మాడ్యూల్‌కు దక్కేది ఒక వరుస మెమరీ, ఇంట్లో ఒక గది లాంటిది. దాన్ని 64 కిలోబైట్ల పేజీల చొప్పున పెంచుకోవచ్చు. అందులో సున్నా అన్న చిరునామా కూడా ఆ గదిలోని సున్నాయే. బయట ఇల్లుందన్న సంగతే దానికి తెలియదు. మొదటి ప్రమాణంలో చిరునామాలు 32 బిట్లవి కనుక వాటికవే 4 గిగాబైట్లు దాటి చూపలేవు. అందుకే 64 బిట్ల యంత్రం మీద రన్‌టైమ్ అంత చిరునామా స్థలాన్నీ ముందే పక్కన పెట్టి, దాని తర్వాత ఖాళీ కంచె వదులుతుంది. అసలు ర్యామ్ ఏమీ ఖర్చు కాదు. హద్దు దాటిన అడుగు ఖాళీలో పడగానే ప్రాసెసరే పట్టుకుంటుంది. ప్రతి అడుగుకూ తనిఖీ రాయనక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చే పనితనం ఇదే.

ఫైల్ తెరవడం, గడియారం చూడడం, నెట్‌వర్క్ తాకడం లాంటివి మాడ్యూల్‌కు పుట్టుకతో రావు. అప్లికేషన్ ఏ ఫంక్షన్లు చేతికిస్తే అవే. మొదటి ప్రమాణంలో మాడ్యూల్‌కు తెలిసినవి నాలుగు రకాల సంఖ్యలే. ‘తెలుగు’ అన్న మాట పంపాలంటే, యూటీఎఫ్-8లో అది 18 బైట్లు కాబట్టి, లోపల అంత చోటు అడిగి తీసుకుని, బైట్లను నకలు చేసి, చోటు ఎక్కడో, పొడవెంతో రెండు సంఖ్యలుగా చెప్పాలి. మొదటిసారి చేసేవారికి ఇది చాదస్తంగా తోస్తుంది. నా దృష్టిలో మాత్రం భద్రత అంతా ఈ చాదస్తంలోనే ఉంది.

ఫైర్‌ఫాక్స్ ఈ పద్ధతిని పట్టుదలగా అమలు చేసింది. శ్రవణ్ నారాయణ్, ఆయన సహ పరిశోధకులు 2020లో వివరించిన ఆర్‌ఎల్‌బాక్స్ దాని సాధనం. లైబ్రరీని ముందు వెబ్‌అసెంబ్లీగా మార్చి, దాన్ని తిరిగి సీ భాషలోకి తెచ్చి, మామూలు కంపైలర్‌తో బ్రౌజర్‌లో కలిపేస్తారు. నడిచేటప్పుడు వెబ్‌అసెంబ్లీ జాడ ఉండదు, కానీ అది వేసిన హద్దులు మాత్రం ఉంటాయి. 2021 డిసెంబరులో వచ్చిన 95వ వెర్షన్‌తో హన్‌స్పెల్, ఫాంట్ల అక్షరాలను అమర్చే గ్రాఫైట్, ఆడియో ఫైళ్లను చదివే ఆగ్ మూడూ ఇలా గదుల్లోకి వెళ్లాయి. హన్‌స్పెల్ ఇప్పుడు పదకోశం ఫైల్‌ను సైతం తాను తెరవలేదు. బ్రౌజర్ తెరిచి వరుసవరుసగా అందించాలి.

గోడ ఒక్కటే చాలదు. లోపలినుంచి వచ్చే జవాబును గుడ్డిగా నమ్మితే గోడ కట్టి కిటికీ తెరిచి పెట్టినట్టే. లైబ్రరీ ‘నూరు సూచనలున్నాయి’ అని చెప్పి పదే ఇస్తే, ఆ నూరును నమ్మి చదివే బ్రౌజరే హద్దు దాటుతుంది. అందుకని ఆర్‌ఎల్‌బాక్స్‌లో లోపలినుంచి వచ్చే ప్రతి విలువకూ మైల పడ్డ రకంగా ముద్ర ఉంటుంది. పరీక్షించి శుద్ధి చేసేదాకా దాన్ని వాడితే కంపైలర్ ఒప్పుకోదు. పరీక్షించేది కూడా బయటకు తెచ్చుకున్న నకలునే. లోపలే చూసి వదిలేస్తే, చూసిన మరుక్షణం అది మారిపోవచ్చు.

ఈ గది లైబ్రరీ చేసే తప్పును ఆపజాలదు. చెడిపోయిన హన్‌స్పెల్ తప్పు పదాన్ని ఒప్పనవచ్చు. వేగం కొంత తగ్గుతుంది. మిగతా ప్రోగ్రాంతో క్షణక్షణం డేటా పంచుకునే భాగాలకు ఈ ఏర్పాటు బరువే అవుతుంది. రన్‌టైమ్‌లోనో కంపైలర్‌లోనో లోపముంటే గోడకే బీట పడుతుంది.

పాత లైబ్రరీని గదిలోకి మార్చేవారు దాని నుంచి వచ్చే విలువలకు ఆ ముద్ర పడేలా మార్చి కంపైల్ చేస్తారు. తెర నిండా ఎర్రర్లు వస్తాయి. అవి ఒక్కొక్కటీ ఏళ్ల తరబడి ఎవరూ ప్రశ్నించకుండా నమ్మిన చోట్లు. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ పోతారు.