పదకొండింట్లో ఒక్కటే చేతి నేర్పు

ఈ విద్యార్థినిని ఇక వార్డులో ఒంటరిగా వదలొచ్చా? అనుభవమున్న ట్యూటర్‌కి జవాబు మనసులో తెలుస్తూనే ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టడమే కష్టం. అమెరికాలోని ఒరెగాన్‌లో నర్సింగ్ పాఠాలు చెప్పిన క్యాథీ లాసాటర్ 2007లో ప్రచురించిన మూల్యాంకన పట్టిక ఆ పనిని ఎంత ఒడుపుగా చేసిందో చూస్తే ముచ్చటేస్తుంది.

పునాది క్రిస్టీన్ టానర్‌ది. గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, చేసినదాన్ని మళ్లీ తరచి చూసుకోవడం అంటూ నర్సు ఆలోచనను 2006లో ఆమె నాలుగు భాగాలుగా వివరించారు. సిమ్యులేషన్ ల్యాబ్‌లో విద్యార్థులను పరిశీలించి లాసాటర్ వాటిని 11 అంశాలుగా విడదీశారు. ఒక్కో అంశానికి నాలుగు స్థాయులు పెట్టి, ఏ స్థాయిలో విద్యార్థి ఎలా కనిపిస్తుందో మాటల్లో రాశారు.

ఆ పదకొండింట్లో చేతి నేర్పు ఒక్కటే! పనితనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ట్రే సర్దడం, గ్లోవ్స్ తొడగడం, క్యాథెటర్ వేసే వరస... మన ప్రాక్టికల్స్‌లో మార్కులు ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతాయి. ఇవి రావాల్సిందే. కానీ ఆపరేషన్ అయిన రోగిని తలచుకోండి. బీపీ 110/70, బాగానే ఉంది. నాడి మాత్రం 80 నుంచి 112కి పెరిగింది, మనిషి కుదురుగా పడుకోవడం లేదు. ఒక విద్యార్థిని అంకెలన్నీ తప్పు లేకుండా చార్టులో రాసి వెళ్లిపోతుంది. ఇంకొకామె ఆగి, డ్రెస్సింగ్ చూసి, మూత్రం ఎంత వచ్చిందో చూసి, లోపల రక్తస్రావమేమోనని వెంటనే డాక్టరుకు చెబుతుంది. బీపీ పడిపోవడం ఆలస్యంగా కనిపించే లక్షణమని ఆమెకు తెలుసు. చెక్‌లిస్టు దృష్టిలో ఇద్దరూ సమానమే. లాసాటర్ పట్టికలో కారు. మామూలు తీరు నుంచి వచ్చిన తేడాను పట్టుకోవడం అక్కడ విడిగా ఒక అంశం, ఏది ముందో తేల్చుకోవడం మరొకటి.

నిబ్బరాన్ని, స్పష్టంగా మాట్లాడడాన్ని కూడా ఆమె కొలతలోకి తెచ్చారు. రోగి బంధువులు చుట్టుముట్టినప్పుడు వాటి విలువ తెలుస్తుంది. ఆఖరి భాగంలో తన పనిని తానే పరీక్షించుకోవడం, మెరుగుపడాలన్న పట్టుదల ఉన్నాయి.

ఒక హద్దు మరవకూడదు. ఈ పట్టిక చూపేది ఒక సందర్భంలో విద్యార్థిని చేసిన నిర్ణయాన్నే. దాన్ని ఒక్కసారి నింపి స్వతంత్రంగా పనిచేయగలదని తేల్చేయడం తప్పు. వేర్వేరు రోగుల దగ్గర, వేర్వేరు పోస్టింగుల్లో మళ్లీ మళ్లీ చూడాలి.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్ సామర్థ్యాలకూ సిమ్యులేషన్‌కూ చోటిచ్చింది. మన ట్యూటర్లు ప్రొసీజర్ చెక్‌లిస్టు పక్కనే ఈ పట్టికనూ పెట్టుకుని, తర్వాతి బ్యాచ్‌తోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.