తాళానికి కాస్త వెనకగా

జాజ్ గాయని బిల్లీ హాలిడే పేరెత్తగానే ముందు ఆమె కష్టాలే గుర్తొస్తాయి. మత్తుమందు, జైలు, 44 ఏళ్లకే చావు. చివరి రికార్డుల్లో జీరబోయిన గొంతు ఆ కథకు సరిగ్గా అతుకుతుంది కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం 1935 నుంచి 1938 దాకా ఆమె పాడిన పాటలే ఎక్కువిష్టం. వాటిలో కన్నీళ్లు తక్కువ, పనితనం ఎక్కువ.

1933 నవంబరులో బెనీ గుడ్‌మన్ బృందంతో తొలి రికార్డు ఇచ్చేనాటికి ఆమెకు 18 ఏళ్లు. అందులో శ్రుతి ఆమెకు మరీ ఎక్కువైంది. అసలు బిల్లీ దొరికేది 1935 జూలై 2న, టెడ్డీ విల్సన్ పియానో పక్కన. ‘వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ’లో వాద్యాలన్నీ ఉరుకుతుంటే, తనకేం తొందర లేనట్టు మాటను సాగదీసి, బీటు దాటిపోయాక దించుతుంది. తాళం తప్పిందేమోనని మనం కంగారుపడేలోపు వచ్చి కలిసిపోతుంది.

పెద్ద గొంతేం కాదు. హాయిగా పలికేది ఒక స్థాయి, ఆపైన కొంచెం. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌లా, అర్థంలేని అక్షరాలతో పాడే స్కాట్ జోలికి పోలేదు. మాటలు ఉన్నవే పాడుతూ వరసను మార్చేస్తుంది: పైకెక్కాల్సిన చోట ఎక్కదు, రెండు మూడు స్వరాల్లోనే సర్దేస్తుంది. మన కర్ణాటక గాయకులు సంగతి మీద సంగతి వేసి పెంచుతారు. ఈమె తీసేస్తూ పోతుంది.

ఆ రోజుల్లో ఇవన్నీ జూక్‌బాక్సుల కోసం చకచకా లాగించేసిన పాటలు. చేతికొచ్చేది విడి కూలి, రాయల్టీ లేదు. పాటలు కూడా కొన్ని మరీ నాసిరకం. ‘ఎ సెయిల్‌బోట్ ఇన్ ద మూన్‌లైట్’నే తీసుకోండి. గై లొంబార్డో బృందం 1937లో వాయించి హిట్ చేసిన పంచదార పాకం అది. అదే ఏడాది జూన్‌లో బిల్లీ పాడింది. పక్కనే లెస్టర్ యంగ్ శాక్సఫోన్. ఆమె వాక్యం ముగించి ఊపిరి తీసుకునే సందులో అతను దూరతాడు, ఆమె మళ్లీ అందుకోగానే కిందికి తప్పుకుంటాడు. ఎవరు ఎవరికి వాయిస్తున్నారో తేలదు. ఆమెకు ‘లేడీ డే’ అని పేరు పెట్టింది అతనే. పాకం అంతా ఎటుపోయిందో, మిగిలింది ఇద్దరి కబుర్లు.

ముందు లొంబార్డోది వినండి, వెంటనే బిల్లీది. రెండూ కలిపినా ఆరేడు నిమిషాలే. ఆమె జీవితచరిత్ర తర్వాత చదువుకోవచ్చు.