సుడో ఎవరి పెర్ల్‌కి?

పెర్ల్ మాడ్యూళ్ల ఇన్‌స్టాల్ సూచనల మొదటి వరుసలోనే ‘సుడో సీప్యాన్’ అని రాసిపెట్టే అలవాటు ఈ వారం మళ్లీ కంటపడింది. దాని మీద నా చిరాకు ఈ కాలమ్ పాత పాఠకులకు తెలిసిందే. డెబియన్‌లో గానీ ఉబుంటులో గానీ ముందే ఉండే పెర్ల్ మన ప్రోగ్రాముల కోసం పెట్టింది కాదు. ప్యాకేజీలు పెట్టేటప్పుడు ప్రశ్నలడిగే డెబ్‌కాన్ఫ్, యూజర్లను చేర్చే యాడ్‌యూజర్ రెండూ పెర్ల్‌లో రాసినవే. సీప్యాన్ వాటి ఫైళ్లను చెరపదు కదా, లోకల్ డైరెక్టరీలో విడిగా పెడుతుంది కదా అంటారు. నిజమే. కానీ మాడ్యూల్ కోసం పెర్ల్ వెతికే వరుసలో ఆ లోకల్ డైరెక్టరీ సిస్టమ్ డైరెక్టరీల కంటే ముందుంటుంది. కొత్త వెర్షన్ పాతదాన్ని తుడవకుండానే కప్పేస్తుంది. రూట్‌గా నడిచే స్క్రిప్టులూ దాన్నే ఎత్తుకుంటాయి. ఇలాంటి పనికే డెబియన్ 12లో పైథాన్ పిప్ అడ్డం తిరుగుతుంది. సీప్యాన్ మాత్రం కిక్కురుమనదు.

అందుకే లోకల్-లిబ్ వాడమంటూ వచ్చాను. మాడ్యూళ్లు హోమ్ డైరెక్టరీలోకి పోతాయి, రూట్ అనుమతితో పని లేదు. అయితే ఆ దారి చూపేది పెర్ల్5లిబ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ఆ షెల్‌లో నడిచే దాదాపు ప్రతి పెర్ల్ ప్రోగ్రామూ, సిస్టమ్‌వి సహా, దాన్ని చదువుతుంది. సీ కోడ్ ఉన్న మాడ్యూళ్లతో ఇంకో చిక్కు: అవి ఏ పెర్ల్‌తో కంపైలయ్యాయో దానికే కట్టుబడతాయి. డెబియన్ 12 నుంచి 13కి మారితే పెర్ల్ 5.36 కాస్తా 5.40 అవుతుంది, అవన్నీ మొరాయిస్తాయి. అలాగైతే పెర్ల్‌బ్రూతో సొంత పెర్లే కట్టుకోవచ్చు. విడదీయడమే లక్ష్యమైతే దాన్ని మించింది లేదు. కానీ సెక్యూరిటీ సవరణ వచ్చిన రోజు ఆప్ట్ దాన్ని ముట్టుకోదు. మళ్లీ కట్టాల్సింది మనమే. ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది?

చిన్న స్క్రిప్టుకు డీబీఐ అనే డేటాబేస్ మాడ్యూల్ ఒక్కటే కావలసినవాళ్లకు నా సలహా ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌డీబీఐ-పెర్ల్’. సుడో వద్దన్న నోటితోనే సుడో అంటున్నానని నవ్వొచ్చు. కానీ ఆ ప్యాకేజీ సిస్టమ్ పెర్ల్ కోసమే కట్టింది, పెర్ల్ మారితే దానితోపాటే మారుతుంది. వెర్షన్ పాతదంటారా? చాలా పనులకు ఆ పాతదే సరిపోతుంది. సరిపోనప్పుడు, ఏళ్ల తరబడి నడవాల్సిన అప్లికేషన్‌కు, సొంత పెర్ల్ కట్టండి. అప్పుడు స్క్రిప్టు పై వరుసలో దాని పూర్తి పాత్ రాయాలి. ఎందుకంటే వేళకు పనులు నడిపే క్రాన్ మీ షెల్ సెట్టింగులు చదవదు. ‘ఎన్వ్ పెర్ల్’ అని వదిలేస్తే నడిచేది సిస్టమ్ పెర్లే.