మోర్గన్ కార్ల వడ్రంగులు

ఇంగ్లండు దేశమందలి మాల్వర్న్ కొండల చెంత, హెన్రీ ఫ్రెడరిక్ స్టాన్లీ మోర్గన్ అను యువకుడు, మతాచార్యుడగు తండ్రి యిచ్చిన ధనసాహాయ్యముతో, 1909లో మూడు చక్రముల బండి నొకదానిని నిర్మించి, మరుసటి యేట లండనులోని ఒలింపియా ప్రదర్శనకు గొనిపోయెను. 1936లో నాలుగు చక్రముల కారు వెలువడెను. కాలము మారినను మోర్గన్ కర్మాగారము కొయ్యపనిని మాత్రము విడువలేదు.

ఆ కారునకు అడుగు చట్రము సైతము కొయ్యదేయని పలువురు భ్రమపడుదురు. అడుగుది లోహమే, దానిపై నిలిచి రేకులను మోయు అస్థిపంజరము యాష్ కలపతో జేసినది. వడ్రంగి మూడు పలుచని పలకలకు జిగురు పూసి, అచ్చునందు పేర్చి, బిగించి ఆరనిచ్చి, వెనుక చక్రముపై నుండవలసిన వంపును తీర్చును. పిమ్మట తలుపు చట్రమునకు చిత్రిక పట్టి, అది తన చోట ఒదిగినదో లేదో వ్రేళ్లతో తడవి చూచుకొనును. కొయ్యపని గనుక ఒక కారునకు మరియొక కారు వెండ్రుకవాసి భిన్నము. ఆ భిన్నతకు తగినట్లు రేకును సరిదిద్దుట రేకుపనివాని నేర్పు.

వేగమే ఘనతగా నెంచు పరిశ్రమ నడుమ, శతాబ్దమునకు మించి ఉలిని, చిత్రికను నమ్ముకొని నిలిచిన ఈ హస్తకౌశలము సర్వవిధముల శ్లాఘనీయము.