పాలా, పసుపుకుంకుమా? - మితాక్షర దాయవిభాగం ఒక పరిశీలన

తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆస్తి ఎవరికి, ఎంత? దక్షిణాదిలో ఎన్నో తరాలపాటు ఈ ప్రశ్నకు ప్రమాణంగా నిలిచిన గ్రంథం మితాక్షర. ఇది యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య. ఆయన ఆరవ విక్రమాదిత్యుని కాలంవాడు. ఆ చాళుక్యరాజు ఏలిన కల్యాణే నేటి కర్ణాటకలోని బసవకల్యాణ. 13వ శతాబ్దంలో కేతన ఈ శాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

మితాక్షర అనగానే కొడుకుకు పుట్టుకతోనే హక్కు అన్న సిద్ధాంతం గుర్తుకు వస్తుంది. చాలామంది పాఠకులు అక్కడే ఆగిపోతారు. కాని దాయవిభాగంలో విజ్ఞానేశ్వరుని వ్యాఖ్యాన ప్రతిభ తెలిసేది పెళ్ళికాని అక్కచెల్లెళ్ళ విషయంలో. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు వారికి నాలుగోవంతు ఇవ్వాలని మూలం చెబుతుంది. నాలుగోవంతు అంటే పెళ్ళి ఖర్చుకు సరిపడేంత అని అర్థం చెప్పుకోవచ్చు గదా అన్న వాదాన్ని ఆయన ఎత్తుకుని తోసిపుచ్చాడు. మనువు, యాజ్ఞవల్క్యుడు ఇద్దరూ ఒక లెక్క చెప్పారు, ఆ లెక్కను ‘ఎంతో కొంత’గా మార్చడానికి ఆధారం లేదు, పైగా ఇవ్వకపోతే దోషమని కూడా చెప్పారు. తండ్రి బతికుండగా పంచితే కూతురికి ఆయన ఇచ్చినదే దక్కుతుంది, పోయాక మాత్రం ఆమె భాగస్వామి అని తేల్చాడు. దానం వేరు, భాగం వేరు అన్నమాట.

అయితే లెక్క వేసి చూడాలి. ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే ఆస్తిని రెండు చేసి, అందులో ఒక సగాన్ని నాలుగు చేసి, ఒక పాలు కూతురికి ఇవ్వాలి. అంటే మొత్తంలో ఎనిమిదో వంతు. పెళ్ళయిన కూతురికి అదీ లేదు. వ్యాఖ్యాత హక్కును నిలబెట్టాడు, కాని మూలం గీసిన గీత దాటలేదు. ఆయన్ను సంస్కర్తగా కీర్తించడం ఎంత పొరపాటో, ఈ వాదాన్ని విస్మరించడం అంత పొరపాటు.

మన భాష ఆ గీతకు ఇవతలే ఆగింది. సంస్కృతంలో దాయాదుడంటే దాయాన్ని పొందేవాడు. తెలుగులోనూ కన్నడంలోనూ దాయాది అంటే తండ్రి వైపు మగ జ్ఞాతి. తెలుగు ‘పాలివాడు’, తమిళ ‘పంగాళి’ కూడా అంతే. పంచుకునేవాడనే అర్థంగల ఈ మాటలేవీ తోబుట్టువైన ఆడపడుచును పిలవడానికి పనికిరావు. ఆమెకిచ్చే భూమికి వేరే పేరుంది: పసుపుకుంకుమ. విజ్ఞానేశ్వరుడు కాదన్న అర్థాన్నే వాడుక స్థిరపరచింది.

చట్టం ఈ మాటను మార్చడానికి చాలాకాలం పట్టింది. 1956 చట్టం వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కొడుకుకు, కూతురికి, భార్యకు, తల్లికి సమాన భాగాలిచ్చింది. పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులదిగానే ఉండిపోయింది. దాన్ని కూతుళ్ళకూ ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచి, తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇచ్చాయి. కాని అప్పటికే పెళ్ళయినవారిని మినహాయించాయి. ఒడిశాలోని ఆడపిల్లలు 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది. పెళ్ళి షరతు తొలగింది ఆ సవరణతోనే. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అయినా పెళ్ళప్పుడే ఇచ్చాం గదా అన్న ఒక్క మాట మీద హక్కు విడుదల పత్రాల్లో అక్కచెల్లెళ్ళ సంతకాలు పడుతూనే ఉన్నాయి. ఆ వాక్యంలో ‘ఇచ్చాం’ అన్న క్రియను విద్యార్థులు గమనించాలి. అన్నదమ్ములు పంచుకుంటారు, ఆడపడుచుకు ఇస్తారు. మీ ఇళ్ళలోని పాత పంపకాల కాగితాలు తీసి, ఏ క్రియ ఎవరికి వాడారో చూడండి. మితాక్షరలోని ఆ చర్చ ఎందుకు చదవాలో అప్పుడు తెలుస్తుంది.