పీబాడీ పురస్కారములు: శ్రవ్యగుణ విమర్శ

కావ్యమునకుఁ బురస్కార మిచ్చువారి యెదుట గ్రంథ ముండును. సందేహము గలిగినచో నొక పుట వెనుకకుఁ ద్రిప్పి మరలఁ జదువవచ్చును. రేడియో ప్రసారమున కట్టి సౌకర్యము లేదు. ముందు వ్రాసికొన్న ప్రతి యుండినను, స్వరలిపి సంగీతము గానట్లే, అది ప్రసారము గాదు. పలికిన క్షణమునఁ బుట్టి యా క్షణముననే యడఁగు ధ్వని దాని శరీరము. అట్టి దాని గుణము నిర్ణయించు టెట్లు? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పీబాడీ పురస్కారముల తొలి రెండేండ్ల తీర్పులు ఈ ప్రశ్నను విమర్శకుల ముందు స్పష్టముగా నుంచుచున్నవి.

ఆ దేశమునఁ బత్రికారచనకు 1917 నుండియుఁ బులిట్జర్ పురస్కారములు గలవు. రేడియోకు నట్టి గౌరవము లేని కొఱఁతను దీర్పవలెనని ప్రసారకుల జాతీయ సంఘము తలపెట్టెను. అట్లాంటా నగరపు డబ్ల్యు.ఎస్.బి. కేంద్రమునకుఁ జెందిన లాంబ్డిన్ కే ఆ భారమును వహించి, జార్జియా విశ్వవిద్యాలయమునఁ బత్రికారచనాశాఖ కధిపతియైన జాన్ డ్రూరీ తోడ్పాటుతో 1940లో దీనిని నెలకొల్పెను. ఆ విశ్వవిద్యాలయమునకు మహోపకారము చేసి 1938లోఁ గీర్తిశేషుఁడైన జార్జి ఫాస్టర్ పీబాడీ పేరు దీనికిఁ బెట్టఁబడినది. తొలి ప్రదానము 1941 మార్చి 31న న్యూయార్కు నగరమున జరిగెను.

1940వ సంవత్సరపుఁ దీర్పున రెండు విశేషములు గలవు. ప్రజాసేవ విషయమునఁ గేంద్రములను బెద్దవి, మధ్యమములు, చిన్నవి యని విభజించుట మొదటిది. సిన్సినాటిలోని డబ్ల్యు.ఎల్.డబ్ల్యు. వంటి మహాకేంద్రమును, మిస్సోరీ రాష్ట్రపుఁ గొలంబియాలోని కె.ఎఫ్.ఆర్.యు. వంటి చిన్న కేంద్రమును ఒకే త్రాసునఁ దూఁచుట న్యాయము గాదని పరీక్షకులు గ్రహించిరి. వార్తాకథనమునకు ఎల్మర్ డేవిస్ నెన్నుట రెండవది. డేవిస్ కంఠము నాటకీయము గాదు. ఇండియానా ప్రాంతపు సాదా యుచ్చారణము, స్వరమున నెత్తుపల్లములు తక్కువ. రాత్రివేళ నతనికి లభించిన కాలము అయిదు నిమిషములే. ఐరోపాలో యుద్ధము చెలరేఁగుచున్న దినములలో నతఁడు భయమును బెంచుటకు గొంతు నుపయోగింపక, విషయమును విభజించి, తెలిసినదానిని దెలిసినంతవఱకే చెప్పెను. పాణినీయశిక్ష పాఠకునకు విధించిన యాఱు గుణములలో నక్షరవ్యక్తియుఁ, బదచ్ఛేదమును, ధైర్యమును ఇతనియందుఁ గలవనవచ్చును. అర్ధమాత్రాలాఘవమునకే సంతసించు వైయాకరణులు ఈ మితభాషణమును మెచ్చకుండ లేరు. ఇచ్చటఁ దీర్పు శబ్దగుణమునకే చెందినది.

చిక్కు మఱుసటి యేఁటి తీర్పునఁ గలదు. 1941వ సంవత్సరమునకు నాటకవిభాగమున రెండు రచనలు గౌరవింపఁబడినవి. ఒకటి నార్మన్ కార్విన్ రచించిన ‘వియ్ హోల్డ్ దీజ్ ట్రూత్స్’. అమెరికా పౌరహక్కుల శాసనమునకు నూటయేఁబదియేండ్లు నిండిన సందర్భమున 1941 డిసెంబరు 15న నాలుగు ప్రసారసంస్థలును దీనిని ఏకకాలమున వినిపించినవి. పెర్ల్ హార్బరుపై దాడి జరిగి యప్పటి కెనిమిది దినములే. ప్రసిద్ధ నటులు పాల్గొనిరి. అధ్యక్షుఁడు రూజ్వెల్టు తుదిని బ్రసంగించెను. శ్రోతలు 6 కోట్లని యంచనా. రెండవది సాండ్రా మైకేల్ రచించిన ‘అగెయిన్‌స్ట్ ది స్టార్మ్’. అది పగటివేళ దినమునకుఁ బదునైదు నిమిషముల చొప్పున, సబ్బు విక్రయించు వ్యాపారసంస్థ వ్యయముతో సాగిన ధారావాహికము. గృహిణులు పని చేసికొనుచు వినుటకై యేర్పడిన యీ జాతి రచనలను విద్వాంసు లాదరించుట యరుదు. ఒక మహాసందర్భమునకుఁ బుట్టిన రచనను, దినదిన మల్లిన రచనను ఒకే శీర్షిక క్రింద నుంచిన పరీక్షకుల ధైర్యము ప్రశంసనీయము.

అయిన నీ రెంటిని ఒకే ప్రమాణమునఁ గొలిచిరా? ‘సైంధవము తెమ్ము’ అను వాక్యము భోజనవేళ నుప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును దెలుపును. అర్థమును నిశ్చయించునది ప్రకరణము. అర్థమును జెప్పు శక్తి మాత్రము శబ్దమునదే. కార్విన్ రచనకుఁ బ్రకరణబలము మెండు. యుద్ధారంభము, దేశాధ్యక్షుని కంఠము, కోట్లకొలఁది శ్రోతలు: ఇవి కవి యార్జించినవి కావు. వీనిని దొలఁగించిన పిదప మిగులునది యేమి? సామాన్యపౌరుని పాత్ర ధరించిన జేమ్స్ స్టూవర్టు కంఠ మొక సూత్రముగా నిలిచి, దృశ్యసాధన మేమియు లేకయే శ్రోతను వర్తమానమునుండి పూర్వశతాబ్దపు వాదోపవాదములలోనికిఁ గొనిపోవుట మిగులును. ఇది శబ్దబలము, ఇదియే పురస్కారార్హము. ఉద్బోధవాక్యములు పెచ్చుపెరిగిన చోటులు మాత్రము ప్రకరణమును నమ్మి నిలిచినవి.

రేడియో తత్కాలమునకే యేర్పడినది, కావునఁ బ్రకరణమును వేఱుచేయుట యనుచిత మని యొక పూర్వపక్షము. సమయోచితభాషణము గుణమే, కాని సమయము వక్తగుణము గాదు. సమయమును వక్త యెట్లు వినియోగించెనో యదియే పరీక్షింపఁదగినది. ఈ భేదమును మఱచినచోఁ బ్రసారకులు మహోత్సవములకై నిరీక్షించి, దినచర్యను నిర్లక్ష్యము చేయుదురు. మైకేల్ ధారావాహికము పురస్కారము నొందియు 1942లోనే నిలిచిపోయెను. దినదినసేవకుఁ గీర్తి దక్కినను ఆయువు దక్కలేదు.

1948 మొదలు టెలివిజను ప్రసారములును ఈ పురస్కారముల పరిధిలోఁ జేరినవి. నేఁడు పరీక్షకు లందఱు నేకగ్రీవముగా నంగీకరించినఁ గాని యే రచనయుఁ బురస్కృతము గాదు. ఈ నియమము పక్షపాతమును దొలఁగించును; కాని మఱియొక యపాయమును గలిగించును. విషయగౌరవముపై నందఱికి నేకాభిప్రాయము సులభము, ఉచ్చారణగుణముపై దుర్లభము. ఏకగ్రీవము తనంతఁ దాను ప్రకరణమువైపే మొగ్గును.

దీనికిఁ బ్రతిక్రియ యా సంస్థయందే కలదు. పరీక్షకై వచ్చిన ప్రసారములను జార్జియా విశ్వవిద్యాలయ గ్రంథాలయము భద్రపఱచుచున్నది. ఆ కాలమునఁ గేంద్రములు వాడిన 16 అంగుళముల శబ్దఫలకములు తాళపత్రప్రతుల వంటివే: బీఁటవాఱును, పొర లూడును, పరిష్కర్తకై వేచియుండును. ప్రకరణము గడచిన పిదప శబ్ద మొక్కటే నిలుచును గనుక, ఆ ఫలకమును వినిపించుకొన్ననాఁడే తీర్పుయొక్క నిజము తేలును. కార్విన్ రచన నేఁడును వినఁదగియున్నది. మైకేల్ రచనలోఁ జాలఁ గొలఁది భాగములు మాత్రమే మిగిలినవి. తక్కిన దానికిఁ బురస్కారపత్రమే సాక్షి. ధ్వనికి గౌరవ మిచ్చు సంస్థకు ధ్వనిరక్షణము ప్రథమధర్మము. అది లేనిచోఁ బురస్కార ముండును గాని, పురస్కృతము వినఁబడదు.